‘ఇంగ్లిష్ కాటేజ్’ ఎలివేషన్ ప్యాకేజీ: ఇంటి మూల చూడండి, కిటికీ పట్టీ కింద వేలు పెట్టి చూడండి

తిరుపతి చుట్టూ లేస్తున్న కొత్త విల్లాలకు ఇప్పుడు ఒక ప్యాకేజీ బాగా అమ్ముతున్నారు. పేరు ‘ఇంగ్లిష్ కాటేజ్ ఎలివేషన్’. గోడకు తేనెరంగు రాతి పలకలు, ముందువైపు నిటారుగా లేచే ముక్కోణపు కప్పు, గళ్ల కిటికీలు, ప్రతి కిటికీ పైనా ఒక పట్టీ, అన్నిటికంటే పైన ఉత్తుత్తి పొగగొట్టం. ముందు వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది, వెనకే “అచ్చం ఈ మాదిరే ఉంటాది సార్, రాయి కూడా సేమ్” అని వాయిస్ మెసేజ్ వస్తుంది. ఆ ఫొటో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ కౌంటీ, బైబరీ ఊళ్లో ఉన్న ఆర్లింగ్టన్ రోది.

ఈ సమీక్ష అలాంటి ప్యాకేజీ కింద పూర్తయి, రెండు ఈశాన్య రుతుపవనాలు తిన్న ఒక ఇంటి పని మీద. కాంట్రాక్టరు పేరు రాయడం లేదు. పలకలు, జిగురు, పద్ధతి మిగతావాళ్ల దగ్గరా దాదాపు ఇవే కాబట్టి పేరు తెలిసినా పెద్దగా ఒరిగేది లేదు. తీర్పు ముందే చెప్పేస్తాం: రాయి ఫర్వాలేదు, అంటించిన తీరు బాగాలేదు, కిటికీ పట్టీలు దండగ, కప్పయితే డబ్బిచ్చి కొనుక్కున్న నీటి కారుడు. ఐదుకు రెండు మార్కులు, ఆ రెండూ రాయికే.

అసలు ఇల్లు ఎలాంటిదో తెలిస్తేగాని ఈ మార్కులు ఎందుకు కోశామో అర్థం కాదు. ఫొటోలోని ఆ వరుసను 1380లో మఠానికి ఉన్ని గోదాముగా కట్టారు. పదిహేడో శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా విడగొట్టారు. ఇప్పుడది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ ఆస్తి. రాయి ఊలైట్ అనే సున్నపురాయి. దగ్గరగా చూస్తే గసగసాలు ముద్ద చేసి ఎండబెట్టినట్టు సన్నటి గుండ్రటి రేణువులుంటాయి. సుమారు 17 కోట్ల ఏళ్ల కిందటి జురాసిక్ సముద్రపు అడుగు అది. తేనె రంగు ఇనుము వల్ల వచ్చింది. గనిలోంచి తీసిన కొత్తలో లోపలి తడికి మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, గాలికి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. నీళ్లు పీలుస్తుంది, మళ్లీ వదులుతుంది. మన చిత్తూరు గ్రానైటు అలా కాదు, చుక్క నీరు లోపలికి రానివ్వదు.

రాయి అంత మెత్తనిది, అంత పీల్చేది కాబట్టే ఆ ఇళ్లకు ఆ ఆకారం వచ్చింది. వాన గోడ మీద నిలవకూడదు, కాస్త దిగినా బయటికే ఆరిపోవాలి. కట్టినవాళ్ల గొడవంతా ఇదే. మనం అందం అనుకునే నిటారు కప్పు, కిటికీ మీది పట్టీ, మందపాటి గోడ, వెలిసినట్టుండే సున్నపు సందులు, అన్నీ నీళ్లను దించడానికో ఆరబెట్టడానికో పెట్టినవే. ప్యాకేజీలో ఈ ఆకారాలన్నీ ఇస్తారు. అవి చేయాల్సిన పని మాత్రం చేయవు.

మొదట ఇంటి మూల చూడండి. అసలు ఇంట్లో గోడ 450 నుంచి 600 మిల్లీమీటర్ల మందం, అంటే అడుగున్నర నుంచి రెండడుగులు. లోపలా బయటా రెండు వరుసల రాయి, మధ్యలో చిన్న రాళ్లూ సున్నమూ కలిపిన పూరకం, అక్కడక్కడా రెండు వరుసల్నీ పట్టి ఉంచే నిడుపాటి అడ్డురాళ్లు. మూలలో పెద్ద చెక్కిన రాళ్లను ఒకటి ఈ గోడ వైపు పొడుగ్గా, దాని మీదిది ఆ గోడ వైపు పొడుగ్గా మార్చి మార్చి పేర్చుతారు. రెండు గోడలూ విడిపోకుండా పట్టేది అవే. ప్యాకేజీలో ఆ మూల దగ్గరే గుట్టు బయటపడుతుంది: 20 మిల్లీమీటర్ల పలక అంచు బిస్కెట్ ముక్కలా కనిపిస్తుంది. ‘ఎల్’ ఆకారపు మూల ముక్కలు అడిగితే “అది ఎక్స్‌ట్రా అవుతాది సార్” అన్నారట. వాటి బదులు గ్రైండరుతో 45 డిగ్రీలకు కోసి అంటించారు. కోసిన అంచు సైకిలు హ్యాండిల్ తగిలితే చాలు, పెచ్చు లేచిపోతుంది. ఈ ఇంట్లో నడుమెత్తు వరకు మూల మొత్తం అలాగే రాలి ఉంది.

‘రాయి సేమ్’ అన్న మాట సంగతీ తేల్చుకోవాలి. గోడకున్నది రాజస్థాన్ వైపు నుంచి వచ్చే ఇసుకరాయి. తేల్చుకోవడం సులువు: మిగిలిన ముక్క మీద బాత్రూం యాసిడ్ ఒక చుక్క వేస్తే సున్నపురాయి బుసబుసమని నురగ కక్కుతుంది, ఇసుకరాయి చాలావరకు ఉలకదు పలకదు. ఇసుకరాయి చెడ్డదని కాదు. ఆ రంగు, ఆ తరహా సున్నపురాయే కావాలంటే జైసల్మేర్ పసుపురాయి అడగండి, అదీ జురాసిక్ కాలానిదే. అది తెచ్చుకుంటే మాత్రం పని అయ్యాక యాసిడ్ వాష్ మాట ఎత్తనివ్వకండి, రాయి నునుపే కరిగిపోతుంది. ఇక్కడ ఇసుకరాయికే యాసిడ్ వాష్ కొట్టారు. రాతిలోని ఇనుము కదిలి, తూర్పు గోడ మీద తుప్పురంగు చారలు దిగాయి. సిమెంటు మరకలు తీయడానికి యాసిడ్ అక్కర్లేదు. అంటించిన రోజే తడి స్పాంజితో తుడిస్తే అసలు మరకే ఉండదు.

పలకల రకం ఎంచుకోవడంలో ఇంకో మెలిక ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో అడుగున గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) కనిపిస్తుంది కదా. పొరలున్న ఏ రాయినైనా గోడలో పెట్టేటప్పుడు భూమిలో ఎలా పడుకుని ఉందో అలాగే పడుకోబెట్టాలి. ఇంగ్లండు మేస్త్రీలకు ఇది మొదటి పాఠం. పొరను బయటికి తిప్పి నిలబెడితే, తడీ ఉప్పూ ఎక్కేకొద్దీ ఉల్లిపాయ పొరల్లా ఊడుతుంది. క్లాడింగ్‌కు, అంటే గోడకు పైపైన అంటించడానికి, వచ్చే చీల్చిన వెడల్పు పలకలన్నీ పొరను బయటికి చూపించేవే. సన్నటి పట్టీలను అడ్డంగా పేర్చే ‘లెడ్జ్‌స్టోన్’ రకంలో పొర పడుకునే ఉంటుంది. అందుకే కింది మూడడుగుల్లో, అంటే నేల చెమ్మ ఎక్కే చోట, వెడల్పు పలకలు వద్దు. ఈ ఇంట్లో అక్కడే వెడల్పు పలకలు వాడారు, అక్కడే పెచ్చులు లేచాయి.

ఇక అంటింపు. ఈ పనిలో ఘోరం జరిగింది ఇక్కడే. 20 మిల్లీమీటర్ల ఇసుకరాయి చదరపు అడుగుకు నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. 300 చదరపు అడుగుల గోడ మీద సుమారు 1,300 కిలోలు వేలాడుతున్నట్టు లెక్క. ఊడిన ఒక పలకను వెనక్కి తిప్పితే నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, మొత్తం ఐదు జిగురు ఉండలు కనిపించాయి, అరచేతిలో పట్టే లడ్డూల్లా. తిరుపతిలో లడ్డూ ఎక్కడైనా దొరుకుతుందిగాని పలక వెనక దొరకకూడదు. పలకలో సగం కూడా గోడను పట్టుకోలేదు. ఉండల మధ్య ఖాళీలో వాన నీరు నిలిచి, సిమెంటులోని ఉప్పును కరిగించి, ఎండ రాగానే సందుల్లోంచి తెల్లటి సౌడుగా పొంగింది. పైగా కింద ఉన్నది పాత పెయింటు. జిగురు పెయింటును గట్టిగానే పట్టుకుంది, పెయింటే గోడను వదిలేసింది. ఊడిన పలక వెనక క్రీము రంగు పెయింటు పొర ఇంకా అలాగే అతుక్కుని ఉంది.

సరిగ్గా చేసే పద్ధతి ఇదీ. పెయింటుంటే పూర్తిగా గీకి గోడను చెక్కాలి. కొత్త గోడయితే 1:4 పాళ్ల సిమెంటు, ఇసుక ప్లాస్టరు వేసి, నీళ్లు కొట్టి, కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు ఆగాలి. ఇటుక గోడ కాంక్రీటు స్తంభాన్ని, బీమును కలిసే గీత మీద ప్లాస్టరు లోపలే అడుగు వెడల్పు మెష్ పట్టీ వేయాలి, లేకపోతే ఆ గీత వెంటే రాయి పగులుతుంది. జిగురు భారత ప్రమాణం ఐ.ఎస్. 15477 ప్రకారం టైప్ 3 లేదా అంతకు పైది. బస్తా మీద అచ్చు వేసి ఉంటుంది, చదువుకోండి. 10 మిల్లీమీటర్ల పళ్ల తాపీతో గోడకంతా గీతలుగా పూయాలి, పలక వెనక కూడా పలుచగా పూయాలి, ఒత్తి అటూ ఇటూ జరిపితే గీతల్లో గాలి పోతుంది. పది పలకలకు ఒకటి పచ్చిగా ఉండగానే పీకి చూడాలి. వెనక తొంభై శాతం పైన జిగురు అంటి ఉంటేనే ఆ మేస్త్రీని కొనసాగించాలి. పదడుగుల ఎత్తు దాటితే జిగురొక్కదాన్నే నమ్మకూడదు. పలక అంచులో గాడి కోసి 304 రకం స్టెయిన్‌లెస్ వైరుతో గోడలోని ఫాస్టెనరుకు కట్టాలి. జీఐ వైరు (జింకు పూత వేసిన ఇనుప తీగ) వద్దు, తుప్పు పట్టి ఉబ్బి రాయినే చీలుస్తుంది. ప్రతి అంతస్తు దగ్గరా, అడ్డంగా ప్రతి పదడుగులకూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి సాగే సీలెంటు నింపాలి. మే నెల మధ్యాహ్నం పడమటి గోడ మీద చేయి పెట్టినవాళ్లకు ఈ ఖాళీ ఎందుకో చెప్పక్కర్లేదు.

కిటికీ పట్టీలకు వద్దాం. అసలు ఇంట్లో కిటికీని నిలువు రాతి కమ్మీలు విడగొడతాయి. కింద నాలుగు గళ్లు ఉంటే, పై అంతస్తులో మూడు, ముక్కోణపు గోడలో రెండు, పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. కిటికీ పైన రాతి పట్టీ గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చి, రెండు చివర్లా కిందికి వంగి ఉంటుంది. దాని పైభాగం బయటికి వాలుగా ఉంటుంది, అడుగున లోపలికి తొలిచి ఉంటుంది. గోడ మీద జారే నీరు పట్టీ మీద పడి, అంచు దాకా వచ్చి, అడుగున లోపలికి పాకలేక అక్కడే రాలిపోతుంది. మన సజ్జ కింద మేస్త్రీలు కోసే గాడి చేసే పనే అది. ఈ ప్యాకేజీలో పట్టీ థర్మోకోల్ మీద సిమెంటు పూత. పైభాగం చదును, అడుగున వేలు పెట్టి రాస్తే గాడి లేదు, అద్దంలా నున్నగా ఉంది. నీరు పైన నిలుస్తుంది, అడుగున వెనక్కి పాకి కిటికీ ఫ్రేము మీదికి దిగుతుంది. రెండు మూలల నుంచీ మీసాల్లా నల్లటి చారలు. అసలు ఇంట్లో గోడ మీద నీళ్లు పడకుండా చూసే ముక్క, ఇక్కడ తానే నీళ్లు పోస్తోంది. దీనికి మందు చవక: రెండంగుళాల కాంక్రీటు పట్టీ పోసి, పైన బయటికి వాలు ఇచ్చి, అంచు నుంచి అంగుళం లోపల 10 మిల్లీమీటర్ల గాడి కోయిస్తే చాలు. సెంట్రింగు చెక్కకు ఒక సన్న బద్ద కొడితే ఆ గాడి దానంతటదే పడుతుంది.

కప్పు విషయంలో ఇంగ్లండు ఇల్లు ఇంకా గట్టి పాఠం. అక్కడ కప్పు మీద వేసేదీ రాతి పలకలే, పేరు స్లేటు అయినా నిజానికి పొరలుగా చీలే సున్నపురాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్ రాయిని చలికాలమంతా తడిగా ఉంచితే, లోపలి నీరు గడ్డకట్టి, రాయి దానంతటదే పలకలుగా చీలేది. తిరుపతిలో ఆ పని చేయాలంటే రాయిని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చూరు దగ్గర పెద్ద పలకలు, శిఖరం దగ్గరికి పోయేకొద్దీ చిన్నవి. ఒక్కో సైజుకు ఒక్కో పేరు, అందులో ‘బ్యాచిలర్’ అనేదీ ఒకటి. ఓక్ చెక్క మేకులతో బద్దలకు తగిలిస్తారు. గరుకు రాయి కాబట్టి నీరు నిలవకుండా వాలు 50 డిగ్రీల పైమాటే. చదరపు మీటరుకు సుమారు 80 నుంచి 100 కిలోల బరువు, మోసేది ఆ రెండడుగుల గోడ. రెండు వాలులు కలిసే లోయలో రేకు పెట్టకుండా పలకలనే వంపు తిప్పి పేర్చడం అక్కడి పనివాళ్ల నైపుణ్యానికి గీటురాయి.

ఇక్కడ స్లాబు మీద ఎం.ఎస్. (ఉక్కు) పైపు ఫ్రేము, దాని మీద బోర్డు, ఆపైన పెంకుల్లా పరిచే తారు షింగిల్స్. ముందునుంచి చూస్తే బాగుంది. మిద్దెక్కి వెనక్కి వెళ్తే ముక్కోణం, పిట్టగోడ, స్లాబు కలిసే చోట ఒక కుడితి తొట్టి తయారై ఉంది. నీరు పోయే దారి లేదు, ఆకులూ పావురాల రెట్టలూ నిండి ఉన్నాయి. ఫ్రేము కాళ్ల ఫాస్టెనర్లు స్లాబు మీది వాటర్‌ప్రూఫింగును పొడిచి లోపలికి దిగాయి. కింద పడకగది సీలింగు మీద మచ్చలు సరిగ్గా ఆ కాళ్ల కిందే ఉన్నాయి, కొలిచి పెట్టినట్టు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన గుర్తున్నవాళ్లు ఇలాంటి తొట్టిని తల మీద పెట్టుకోరు. ముక్కోణం కావాల్సిందే అంటే ఫ్రేము కాళ్ల కింద ఆరంగుళాల కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి మీదికి కూడా వాటర్‌ప్రూఫింగు ఎక్కించి, ఫాస్టెనరు దిమ్మెలోనే ఆగేలా చూడాలి. వెనక కాలువకు నూటికి ఒకటి వాలు, నాలుగంగుళాల పైపు, గోడ మీదికి ఆరంగుళాలు ఎక్కే ఫ్లాషింగు (సందులో నీరు దిగకుండా కప్పే పట్టీ) కావాలి. ఈ ఖర్చు కలిపితే కప్పు ఖరీదు చాలామందికి మనసు మారుస్తుంది. మా సలహా కూడా మార్చుకోమనే.

పొగగొట్టం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అక్కడ ఇంటి నడిబొడ్డున నిప్పు ఉండేది కాబట్టి అది ఉంది. ఇక్కడ పావురాలకు పనికొస్తోంది. గళ్ల కిటికీలూ అంతే. పెద్ద అద్దం ఖరీదైన రోజుల్లో చిన్న అద్దాలను సీసపు పట్టీలతో కలిపేవాళ్లు. యూపీవీసీ కిటికీ రెండు అద్దాల మధ్య అతికించిన గళ్లు హాని చేయవు, ఇష్టమైతే ఉంచుకోండి.

సందుల పని మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే పాత రాతి ఇళ్లున్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. బైబరీ ఇళ్లు అంతకు ముందువి, అన్నీ సున్నపు పనే. సున్నపు సందు రాతికంటే మెత్తగా ఉండి, గోడలోని తడిని బయటికి వదులుతుంది. అరిగితే సందే అరుగుతుంది, రాయి నిలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడా సిమెంటు పెట్టారు. తడి బయటికి రాలేక రాతి ముఖాలే రాలాయి. ఇప్పుడు ఆ సిమెంటు గీకి మళ్లీ సున్నం పెడుతున్నారు. విలియం మోరిస్ 1877లో మొదలుపెట్టిన పురాతన కట్టడాల రక్షణ సంఘం ఇప్పటికీ చెప్పే మాట ఇదే. లిస్టెడ్ ఇల్లయితే, అంటే రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నదయితే, అనుమతి లేకుండా రూపం మార్చడం అక్కడ నేరం కూడా.

ప్యాకేజీ మేస్త్రీ ఇక్కడ సందుల మీద సిమెంటును తాడులా ఉబ్బెత్తుగా పెట్టి, తెల్ల రంగు వేశాడు. ప్రతి ఉబ్బూ ఒక చిన్న గట్టు, దాని మీద నీరు ఆగుతుంది. అసలు ఇంట్లో సందు రాతితో సమంగా ఉంటుంది, రంగూ రాతి రంగే. దూరం నుంచి చూస్తే రాయి కనపడాలిగాని సందు కాదు.

మన పాత గ్రానైటు ఇళ్లలో సున్నం అవసరం ఇంకా ఎక్కువ. రాయి ఊపిరి తీయదు కాబట్టి తడికి సందు ఒక్కటే దారి. దాన్ని సిమెంటుతో మూస్తే చెమ్మ లోపలి గోడకు వస్తుంది. పాళ్లు: మాగిన తడిసున్నం ఒకటి, కడిగిన గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు, అందులో ఇసుక కొంత తగ్గించి ఇటుక సుర్ఖీ (ఇటుక పొడి). ఎం-శాండులో (రాయిని పిండి చేసిన ఇసుకలో) దుమ్ము ఎక్కువైతే సందు వెంట్రుక పగుళ్లు ఇస్తుంది. సందును దాని వెడల్పుకు రెట్టింపు, కనీసం అంగుళం లోతు ఉలితో గీకాలి, గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి. తడిపి, సున్నం లోపలికంటా ఒత్తి, బొటనవేలికి గట్టిగా తగిలే దశలో గట్టి బ్రష్షుతో కొట్టాలి. తర్వాత వారం పది రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకుంటే సున్నం పిండిలా రాలుతుంది. వానలు వెనకబట్టిన జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీ దొరికితే వదలకండి.

ఎలివేషన్‌కు డబ్బు పెట్టేముందు చంద్రగిరి రాజమహల్ ఒకసారి చూసి రండి, బస్సు ఖర్చే. కర్ర లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టి మూడు అంతస్తులు నిలబెట్టారు. మద్రాసు స్థలం ఇంగ్లిష్ కంపెనీకి దక్కిన 1639 నాటి వ్యవహారం చంద్రగిరి పాలకుల కాలానిదే. బైబరీ గోదాము నేతగాళ్ల ఇళ్లుగా మారిందీ ఆ శతాబ్దంలోనే. రెండు చోట్లా గోడను కలిపి ఉంచింది సున్నమే.

అయినా ఈ ప్యాకేజీయే తీసుకుంటామంటే పూర్తిగా వద్దనం. కప్పు, పొగగొట్టం కొట్టేయించండి. రాయి ముఖద్వారం చుట్టూ, పోర్టికో స్తంభాలకూ మాత్రమే పెట్టించండి. ఈశాన్యపు జల్లు నేరుగా కొట్టే తూర్పు, ఉత్తరపు గోడల్లో పై అంతస్తు జోలికి పోవద్దు. కొటేషన్‌లో కిటికీ ఖాళీలు తీసేసి కొలిచారా, మూల ముక్కలు రేటులో ఉన్నాయా, జిగురు టైపు రాశారా, యాసిడ్ వాష్ లేదని రాశారా అన్నవి చూసి సంతకం పెట్టండి. ఆఖరి పది శాతం డిసెంబరు నెల సగం దాటేదాకా ఇవ్వకండి. ఆ రోజు మేస్త్రీని పక్కన పెట్టుకుని, చేతిలో రూపాయి బిళ్లతో గోడంతా తడుతూ నడవండి. టక్కుమంటే సరే. డబ్బుమన్న ప్రతి పలక మీదా సుద్దముక్కతో గీత పెట్టి, అవన్నీ పీకి మళ్లీ వేశాకే డబ్బు లెక్క చూడండి.